అడవా, సముద్రమా, పధ్నాలుగో తారీఖా

ఆ లాండ్రీలో ఆమెని అందరూ ఎడమక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అంతవరకే. హోటళ్ల పక్కదుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి పంపే పెద్ద షెడ్డు అది. ఉతికిన దుప్పటి ఇంకా తడి మీద ఉండగానే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, నిప్పులా కాగే రెండు రోలర్ల మధ్యకి అందించాలి. ఎడమ కొస దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఆమే నిలబడింది. పుట్టుకతో ఎడమచేతి వాటం కావడంతో ఆ చోటు ఆమె కోసమే చేసినట్టు కుదిరింది. పేరు కూడా దాని వెంటే వచ్చింది.

కుడి కొస దగ్గర పదకొండేళ్లు నిలబడినామెని ఎడమక్క వదినా అని పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. రోజుకి వెయ్యి దుప్పట్లు చెరోవైపు పట్టుకునే ఇద్దరాడవాళ్ల మధ్య ఉండేదానికి వరస ఏదీ లేదు గనక దొరికినదాన్ని తగిలించుకున్నారు. మెషీన్ రొదలో మాట వినపడదు. ఒకరు గడ్డం కాస్త పైకెత్తితే రెండోవారి చేతులు లేచేవి. వదినకి తుమ్ము రాబోతోందంటే ఆమె కంటే ముందు ఎడమక్క చేతులకి తెలిసేది. కట్టుకున్నవాడికి కూడా తన సంగతి అంత తెలియదని ఎడమక్క ఇంట్లో అనేది. అయితే నన్ను కూడా ఓ దుప్పటి పట్టుకు నిలబడమంటావా అని ఆయన.

ఇప్పుడు కుడి కొస దగ్గర రోజుకొకరు నిలబడుతున్నారు. నాలుగు నెలల కిందట వదిన కుడిచేతి మూడు వేళ్లు ఆ రోలర్ల మధ్యకి పోయాయి.

బహుమతి వచ్చింది ఆ తరవాతే. ఒక సోమవారం టీ వేళకి మేనేజరు చేతిలో రెండు రంగురంగుల పుస్తకాలతో హాల్లోకి వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా "ఏమ్మా" అన్నవాడు ఆ రోజు "అక్కా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకే ఆమె ఉలిక్కిపడి ఉండాల్సింది. ఉలిక్కిపడలేదు, పొంగిపోయింది. తమ దుప్పట్లు వాడే హోటళ్ల కంపెనీ ఈ ఏడు ఉత్తమ కార్మికురాలిగా ఆమెని ఎంచిందట. కుటుంబంలో ముగ్గురికి వారం రోజుల విహారం, విమానంతో సహా. ఒక పుస్తకంలో అడవి: జీపులో కూర్చుని ఏనుగుల్నీ పులుల్నీ చూడటం. రెండో పుస్తకంలో దీవి: కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసక, నీలం నీళ్లు. రెండింట్లో ఏది కావాలో ఆమే తేల్చుకోవచ్చు. శుక్రవారం లోపు కాగితం నింపి ఇస్తే చాలు. సెలవు సంగతి తను చూసుకుంటానని మేనేజరు అక్కడికక్కడే సెలవు చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చాడు. వచ్చే నెల పదకొండు నుంచి పదిహేడు దాకా.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మడతల దగ్గర కూర్చునే ముసలావిడ మాత్రం, అదేమిటే, ఇన్నేళ్లలో మనకి ఓ కుర్చీ ఇవ్వనివాళ్లు ఏకంగా విమానం ఇస్తున్నారు అంది. అందరూ నవ్వారు, ఎడమక్క కూడా.

ఆఫీసు గుమాస్తా కాగితం ఇస్తూ రెండు గళ్లు చూపించాడు. అడవికొకటి, దీవికొకటి. ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి. రెండింట్లోనూ పెడితే హెడ్డాఫీసు కంప్యూటరు దాన్ని చెల్లదని తోసేస్తుంది, మళ్లీ ఇంకో కాగితం ఇవ్వరు. పోయినేడు వేరే షెడ్డులో ఒకాయన రెండింటికీ ఆశపడి పెట్టి మొత్తం పోగొట్టుకున్నాడు. వద్దనుకుంటే కింద కారణం రాసి సంతకం చెయ్యాలి. కాని ఎవరు వద్దంటారు అన్నాడు గుమాస్తా.

ఆ సాయంత్రం ఎడమక్క ఇంట్లో, ఉన్నవి రెండే గదులైనా, రెండు దేశాలు వెలిశాయి. ముందుగదిలో నాన్న దీవి, వెనకగదిలో కూతురి అడవి.

మొగుడు బడిపిల్లల వ్యాను నడిపేవాడు. ఇరవై ఏళ్లుగా ఇరుకు సీట్లో కూర్చుని నడుం పట్టేసిన మనిషి. ఆయన కోరిక చాలా చిన్నది. పుస్తకంలో రెండు చెట్ల మధ్య వేలాడే జాలీ ఊయల ఒకటి ఉంది. దాంట్లో పడుకుని వారం రోజులు లేవకూడదు. తొమ్మిదో తరగతి చదివే కూతురికి ఏనుగులు కావాలి. సోమవారం రాత్రికే అది స్నేహితురాలి ఇంటికి పరుగెత్తి బైనాక్యులర్ ఎరువు తెచ్చింది. దాన్ని కళ్లకి పెట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, నాన్న బొజ్జ మీద ఆపి, ఇదిగో ఇక్కడే ఒకటి కనిపిస్తోంది, అంత దూరం వెళ్లక్కర్లేదు అంది.

"ఏనుగుని చూడాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారంట తల్లీ. అక్కడ కూడా నాకు డ్యూటీయేనా?" అన్నాడాయన.

"నువ్వు ఇసకలో గురక పెట్టడానికి విమానం ఎక్కాలా నాన్నా?"

ఇద్దరూ ఆమె వంక తిరిగారు. నువ్వు చెప్పు, నీ బహుమతి కదా. ఎడమక్క రెండు పుస్తకాలూ ఒళ్లో పెట్టుకుని చూసింది. చిత్రమేమిటంటే ఆమె కంటికి ముందు పులీ కనపడలేదు, సముద్రమూ కనపడలేదు. అడవి గుడారంలో ఒక మంచం, దీవి కుటీరంలో ఒక మంచం. రెండింటి మీదా తెల్లటి దుప్పట్లు, ముడత అన్నది లేకుండా. అడవి దుప్పటికి ఎడమ కొస దగ్గర చిన్న వంకర ఉంది. అక్కడ అందించిన మనిషెవరో గాని ఆ రోజు అలిసిపోయి ఉంది అనుకుంది. ఆ మాట పైకి అంటే కూతురు నవ్వుతుందని అనలేదు. రెండూ బాగున్నాయి అంది.

రెండు తలుపులు చూపించి ఏది కావాలో నువ్వే తేల్చుకో అనడంలో ఒక గడుసుతనం ఉంది. మనిషి ఈ తలుపు వంకా ఆ తలుపు వంకా చూస్తుంది, గది వంక చూడదు. ఎడమక్క రెండు రోజుల పాటు చూడలేదు.

బుధవారం పని అయ్యాక వదినని చూడటానికి వెళ్లింది. పది రోజులకోసారి వెళ్లేది. వదినది మూడో అంతస్తులో ఒంటి గది. తలుపు తీయడానికి ఆలస్యమైంది. ఎడమచేత్తో గడియ తిప్పడం ఆమెకింకా పట్టుబడలేదు. లోపల తీగ మీద ఒక్క చీర ఉంది, పిండకుండా వేసినట్టుంది, కింద నీళ్లు మడుగు కట్టాయి. ఎడమక్క దాన్ని తీసి పిండబోతే వదిన రెండో కొస పట్టుకుంది, అలవాటు కొద్దీ, కుడిచేత్తోనే. మిగిలిన రెండు వేళ్ల మధ్య నుంచి చీర జారిపోయింది. ఎడమక్క రెండు కొసలూ తనే పట్టుకుని పిండింది.

టీ ఎడమక్కే కాచింది. తాగుతూ వదిన అలమర మీద నుంచి ఒక కవరు తీసింది. లేబర్ ఆఫీసు నుంచి వచ్చింది. ప్రమాదం మీద విచారణ వచ్చే నెల పధ్నాలుగో తారీఖున, పదకొండింటికి. ఆ పూట మెషీన్ దగ్గర ఉన్నవాళ్లు వచ్చి చూసింది చెప్పొచ్చు.

ఎడమక్కకి సెలవు చీటీ మీది తారీఖులు గుర్తొచ్చాయి. పదకొండు నుంచి పదిహేడు దాకా.

ఇక్కడ ఆ ఇనప బద్ద సంగతి చెప్పాలి. రోలర్ల ముందు అడ్డంగా ఒక బద్ద ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే మెషీన్ అక్కడికక్కడ ఆగిపోవాలి. వేళ్లకి కాపలాగా పెట్టిన ఏర్పాటు అది. కాని బరువైన దుప్పటి తగిలినా ఆగిపోయేది. ఆగితే మళ్లీ నడిపించడానికి నాలుగు నిమిషాలు పట్టేది, లోపల ఇరుక్కున్న దుప్పటి ఆ నాలుగు నిమిషాల్లో పచ్చగా మాడేది, మాడిన దుప్పటికి హాలంతా తిట్లు తినేది. అందుకని ఎన్నేళ్ల నుంచో ఆ హాల్లో ఒక పద్ధతి పాతుకుపోయింది. పొద్దున్నే చిరిగిన దిండు గలీబులోంచి ఒక పేలిక చింపి, బద్దని పైకెత్తి కట్టేసేవారు. కట్టే పని ఎడమక్కది. ఆమె ముడి ఎడమచేతి ముడి. రోజంతా జారేది కాదు, సాయంత్రం ఒక్క లాగుకి ఊడేది. మేనేజరు పొద్దున హాల్లోకి అడుగు పెడుతూ పలకరింపుకి బదులు ఒకటే మాట అడిగేవాడు. "కట్టేశారా?" ఏమిటి కట్టడం, దేనికి కట్టడం, ఆ ముక్క నోట రానిచ్చేవాడు కాదు. కట్టేశామండీ అంటే వెళ్లిపోయేవాడు.

ఆ రోజు కూడా కట్టింది ఎడమక్కే. వదిన వేళ్లు దుప్పటి అంచుతో పాటు లోపలికి పోతుంటే ఆపాల్సిన బద్ద ఎడమక్క ముడికి వేలాడుతూ ఉంది. ఆ ముడిని ఒక్క లాగుతో ఊడదీసింది కూడా ఆమే. అప్పటికి ఆలస్యమైపోయింది.

లాండ్రీ కంపెనీ తన కాగితంలో, యాజమాన్యం హెచ్చరికలని లెక్కచేయకుండా సదరు కార్మికురాలే బద్దని కట్టేసుకుంది అని రాసింది. సదరు కార్మికురాలంటే వదిన. లేబర్ ఆఫీసు వాళ్లు ఆసుపత్రికి వచ్చి ఎవరు కట్టారని అడిగితే వదిన, ఎప్పుడూ కట్టే ఉండేదండీ, ఎవరు కట్టారో చూడలేదు అంది. పదకొండేళ్లు రోజూ పక్కనే నిలబడి చూసిన మనిషి.

"నువ్వు రాకపోయినా నేనేం అనుకోను," అంది వదిన కవరు మడుస్తూ. "నీకు ఆడపిల్ల ఉంది. కాకపోతే ఒక్కర్తినీ ఆ మెట్లెక్కాలంటేనే కాస్త..." కవరు మళ్లీ అలమర మీద పెట్టేసింది.

ఎడమక్క విహారం మాట ఎత్తలేకపోయింది. మెట్లు దిగుతుంటే చేతిసంచిలో రెండు పుస్తకాలు బరువుగా తగిలాయి. వదినకి చూపించి నవ్వుకుందామని తెచ్చినవి.

గురువారం పొద్దున్నే ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడి విహారం తారీఖులు ఒక వారం తరవాతకి మార్చడం కుదురుతుందా అని అడిగింది. మేనేజరు నవ్వాడు. కుర్చీ చూపించాడు. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"అదేం రైలు కాదక్కా, ఇది పోతే ఇంకోటి ఎక్కడానికి. పై నుంచే తారీఖులు వేసి పంపారు." కాసేపు పెన్ను తిప్పాడు. "నీ మంచికే చెబుతున్నా. ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు, నీకూ తెలుసు. నేను ఎక్కడా నీ పేరు రాయలేదు. రాయను కూడా. హాయిగా వెళ్లిరా. అడవికి పోతావో, సముద్రానికి పోతావో, అది నీ ఇష్టం."

వెళ్లబోతుంటే ఇంకో మాట కూడా అన్నాడు. ఒకవేళ వద్దనుకుంటే చెప్పు, పధ్నాలుగున నదవతల షెడ్డులో మనుషులు తక్కువున్నారు, నిన్నే పంపాల్సొస్తుంది, పొద్దున ఆరింటికి వ్యాను.

బహుమతి అంటే తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది. మనిషి నోరు మూయించాల్సి వచ్చి ఇచ్చేదానికి వేరే పేర్లున్నాయి, అవి ఆ రంగుల పుస్తకాల్లో అచ్చు వేయరు. విచారణలు తప్పించుకోడానికి సాక్షుల్ని బెదిరించిన రోజులు పోయాయి. ఇప్పుడు విమానం ఎక్కించి పంపుతున్నారు, పైగా కిటికీ పక్క సీటు కావాలా అని అడుగుతున్నారు. ఎడమక్కకి ఇదంతా ఇలా మాటల్లో తోచలేదు. ఆమెకి తెలిసిందల్లా ఒకటే: తను అటు కదిలినా ఇటు కదిలినా పధ్నాలుగో తారీఖు నాడు వదిన పక్కన ఎడమవైపు ఖాళీగా ఉంటుంది.

ఆ సాయంత్రం ముడి సంగతి మొగుడికి చెప్పింది. నాలుగు నెలలుగా కడుపులో పెట్టుకున్న మాట. ఆయన లేచి వెనకగది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. తరవాత, వెళ్దాం అన్నాడు. ఆ గొంతులో ఊయల లేదు, భయం ఉంది.

"నువ్వెళ్లి చెబితే నీ పని పోతుంది. చెప్పకపోతే ఆవిడ వేళ్లు తిరిగి రావు. చెప్పినా రావు. ఆలోచించు."

"ఆవిడే కట్టుకుందని రాశారయ్యా."

"రాస్తే రాశారు. నువ్వు రాయలేదుగా."

"నేను కట్టాను."

వెనకగదిలో కూతురు ఏనుగుల పుస్తకం లోంచి ఏదో గట్టిగా చదువుతోంది. ఏనుగు ఎన్ని నీళ్లు తాగుతుంది, ఎంతసేపు నిద్రపోతుంది. ఎడమక్క జీవితంలో ఎప్పుడూ ఎవరి చేతికీ చిక్కలేదని కాదు. షిఫ్టుకి చిక్కింది, అద్దెకి చిక్కింది, కాళ్లు వాచేదాకా నిలబడే పనికి చిక్కింది. కాని ఈసారి చిక్కినచోట గోడల నిండా కొబ్బరిచెట్లు వేసి ఉన్నాయి, అందులోనే కూతురు ఆడుకుంటోంది. దానికి ఏమని చెప్పాలో తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం టీ వేళ మడతల బల్ల మీద కాగితం పరుచుకుంది. మళ్లీ మళ్లీ చదివింది. అడవికి టిక్కు పెడితే పదకొండున బయల్దేరాలి. దీవికి పెట్టినా అంతే. వద్దని రాస్తే కారణం రాయాలి, సంతకం పెట్టాలి, పధ్నాలుగున ఆరింటికి వ్యానెక్కాలి. మడతల ముసలావిడ భుజం మీదుగా తొంగి చూసి, ఇంకా తేలలేదా, పులికి భయపడుతున్నావా నీళ్లకి భయపడుతున్నావా అంది.

రెండింటికీ అంది ఎడమక్క. అన్నాక ఆ మాట తన చెవికే కొత్తగా వినపడింది. గుమాస్తా చెప్పిన పోయినేటి మనిషి గుర్తొచ్చాడు. మేనేజరు సంతకం పెట్టిన సెలవు చీటీ ఎలాగూ తన దగ్గరే ఉంది. పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుని అడవి గడిలో ఒక టిక్కు పెట్టింది. దీవి గడిలో ఇంకోటి పెట్టింది. రెండూ ఒకే కొలతలో, ఒకే వాలులో. కింద సంతకం చేసి కవరులో పెట్టి, అంటించి, గుమాస్తా లేని సమయం చూసి పెట్టెలో వేసి వచ్చింది.

కవరు హెడ్డాఫీసుకి పోయి, కంప్యూటరు దాన్ని తోసేసి, ఆ కబురు తిరిగి వచ్చేసరికి తొమ్మిదో తారీఖు. మేనేజరు కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చాడు. అక్కా పోయి మళ్లీ ఏమ్మా వచ్చింది.

"ఏమ్మా, చదువుకున్నదానివేగా. ఒక్కటే పెట్టాలని అంత పెద్దక్షరాలతో ఉంటే కనపడలేదా?"

"తేల్చుకోలేకపోయానండీ," అంది ఎడమక్క తల వంచుకుని. "రెండూ బాగున్నాయి."

హాలంతా నవ్వింది. అత్యాశ అన్నారు, వెర్రిబాగులది అన్నారు. ఆ నవ్వు మధ్య ఆయన ఆమె ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూశాడు. కాని పద్దెనిమిదేళ్లుగా ఆమె తెలివిని ఏమీ లెక్కవేయనివాడు ఇప్పుడు కొత్తగా ఎలా వేస్తాడు. ఆ వారానికి ఆమె బదులు వేరే మనిషిని అప్పటికే పెట్టేశారు, పట్టీ గోడకి అంటించేశారు. సెలవు సెలవే, ఇంట్లో కూర్చుని ఏడు అని వెళ్లిపోయాడు.

ఇంట్లో కూతురు నిజంగానే ఏడ్చింది. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. పదమూడో తారీఖు సాయంత్రం ఎడమక్క దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని బద్ద సంగతి, ముడి సంగతి, టిక్కుల సంగతి వరసగా చెప్పింది. అంతా విన్నాక కూతురు ఏనుగుల పుస్తకం మూసేసింది. తరవాత బైనాక్యులర్ డబ్బాలో పెట్టుకుని స్నేహితురాలికి ఇచ్చేసి వచ్చింది. ఏమని చెప్పావే అని తండ్రి అడిగితే, అమ్మకి పని పడిందని చెప్పా అంది. ఇంకా కోపంగానే ఉంది.

పధ్నాలుగున లేబర్ ఆఫీసు మెట్ల దగ్గర వదిన ఒక్కతే నిలబడి ఉంది. ఎడమక్కని చూసింది. గడ్డం కాస్త పైకెత్తింది. ఇద్దరూ మెట్లెక్కారు.

లోపల ఒక పొడుగు బల్ల, దాని వెనక అధికారిణి, ఒక పక్క మేనేజరు, కంపెనీ లాయరు. ఎడమక్కని చూడగానే మేనేజరు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. అధికారిణి మెల్లగా అడిగింది, బద్దని ఎవరు కట్టారని. ఎడమక్క సంచిలోంచి ఒక పేలిక తీసింది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వెన్నుకమ్మీకి దాన్ని తిప్పి, ఎడమచేత్తో ఒక్క క్షణంలో ముడి వేసింది. కంపెనీ లాయరు గారిని కూడా వేసి చూడమనండి, ఇలా పడదు అంది. "పద్దెనిమిదేళ్లుగా నేనే కట్టానండీ. ఆ రోజు కూడా."

వదిన తల దించుకుంది.

"ఎవరు కట్టమన్నారు?"

"కట్టమని ఎవరూ అనలేదండీ. కట్టేశారా అని అడిగేవారు. రోజూ."

ఎవరు అడిగేవారు అంది అధికారిణి. ఎడమక్క వేలెత్తి చూపించలేదు. ఆయన కూర్చున్న వైపు తల తిప్పి, పొద్దున్నే చెప్పే మామూలు గొంతుతో, "కట్టేశామండీ" అంది. ఆయన ముఖం చూసినవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. కాని ముఖాలు కాగితం మీదికి ఎక్కవు. లాయరు వెంటనే లేచి ఈమె తన నేరం తనే ఒప్పుకుంది, గమనించాలి అన్నాడు. అధికారిణి అన్నీ రాసుకుంది. తీర్పు తరవాత తెలియజేస్తామంది.

తీర్పు ఇంకా రాలేదు. ఎడమక్క పని పోలేదు. విచారణ నడుస్తుండగా తీసేస్తే కంపెనీకే ఇబ్బంది అని ఎవరో చెప్పి ఉంటారు. ఆమెని మాసిన దుప్పట్లు విడదీసే గదికి మార్చారు. కిటికీ లేని గది. హోటళ్ల నుంచి వచ్చిన మూటలు విప్పి, మరకల్ని బట్టి వేరు చెయ్యాలి, ఎనిమిది గంటలూ వంగి ఉండాలి. మాట్లాడేందుకు పక్కన ఎవరూ ఉండరు. పాతవాళ్లలో కొందరు ఆమె వల్లే తమకి పని పెరిగిందని ముఖం తిప్పుకుంటారు. కట్టింది తనే కదా అని వెనక అనుకుంటారు కూడా. అది అబద్ధమూ కాదు.

గోడకి అవతల ఇస్త్రీ హాలు. ఇప్పుడు అక్కడ బద్దని ఎవరూ కట్టడం లేదు. మేనేజరు పొద్దున్నే వస్తాడు, ఏమీ అడగకుండా వెళ్తాడు. బరువైన దుప్పటి తగిలినప్పుడల్లా మెషీన్ ఠక్కుమని ఆగిపోతుంది. రోజుకి ఇరవై సార్లో, ముప్పై సార్లో. ఆ గోడ గుండా రొద ఆగడం బాగా వినిపిస్తుంది. ఆగినప్పుడల్లా ఎడమక్క మాసిన దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడుతుంది, నాలుగు నిమిషాలు, మళ్లీ మోగేదాకా. తరవాత వంగి ఇంకో మూట విప్పుతుంది.